మెదడు బొమ్మ వెనుక లెక్క: ముక్కుల కొలతల నుంచి ఎమ్మారై వరకు

పత్రికలలోనూ చరవాణి సందేశాలలోనూ వచ్చే మెదడు బొమ్మలను మీరు చూసే ఉంటారు. బూడిదరంగు మెదడుపై అక్కడక్కడ ఎర్రగా, పసుపుపచ్చగా మచ్చలు ఉంటాయి. కింద ‘ధ్యానం చేసేవారిలో ఈ భాగం చురుకుగా ఉంటుంది’ అనో, ‘చదువులో వెనుకబడిన పిల్లలలో ఈ భాగం మందకొడిగా ఉంటుంది’ అనో ఒక వాక్యం ఉంటుంది. బొమ్మ చూడగానే నమ్మకం కలుగుతుంది. కంటికి కనిపించేదానిని కాదనడం ఎవరికైనా కష్టమే కదా!

అయితే ఆ రంగులను ఏ యంత్రమూ ఫోటో తీయలేదు. మెదడులో ఆ చోట ఏ దీపమూ వెలగలేదు. ఇరవైమందినో ముప్పైమందినో పరీక్షించి, వారి కొలతలన్నిటినీ కూర్చి, ఒక గణాంక పద్ధతిని ఎంచుకొని, ‘ఈ తేడా కాకతాళీయంగా వచ్చినది కాకపోవచ్చు’ అని లెక్క తేలిన చోట పరిశోధకులు రంగు వేస్తారు. పద్ధతి మారితే ఆ రంగు చోటు మారవచ్చు. ఒక్కొక్కసారి పూర్తిగా మాయం కావచ్చు. అందుచేత ఆ పద్ధతులు ఎలా పుట్టాయో, వాటి ఎంపికలో శాస్త్రవేత్తలు ఎక్కడ తడబడ్డారో తెలుసుకోవడం ఆరోగ్య విషయాలు చదివే వారందరికీ అవసరమే. ఈ చరిత్రలో ఒక తెలుగువాడికి పెద్ద స్థానం ఉంది. ఇది మొదలైనది మెదడుతో కాదు, ముక్కులతోనూ ఎముకలతోనూ.

ముక్కులను కొలిచిన కాలం

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మా పూతలపట్టు ప్రాంతం మద్రాసు రాజధానిలోని ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఆ రోజులలో మద్రాసు ప్రభుత్వ మ్యూజియంకు ఎడ్గర్ థర్‌స్టన్ అధికారి. 1885 నుంచి 1908 వరకు ఆ పదవిలో ఉన్న ఆయన కొలత పరికరాలు పట్టుకొని దక్షిణదేశమంతటా తిరిగి, వేరువేరు కులాలవారి తలల పొడవు, వెడల్పు, ముక్కుల ఎత్తు, వెడల్పు కొలిపించాడు. కె. రంగాచారి సహాయంతో 1909లో దక్షిణ భారత కులాలు, తెగలపై ఏడు సంపుటాలు వెలువరించాడు. ఉత్తరాన హెర్బర్ట్ రిస్లీ ఇంకా ముందుకు వెళ్ళాడు. ముక్కు వెడల్పు పెరిగేకొద్దీ సమాజంలో ఆ కులం స్థాయి తగ్గుతుందని ఆయన సిద్ధాంతం. 1901 జనాభా లెక్కల కమిషనరు కూడా ఆయనే కావడంతో ఆ ఊహకు సర్కారు ముద్ర పడింది.

ఆ కొలతలలో ఉన్న లోపాలను మీరు జాగ్రత్తగా గమనించాలి, ఎందుకంటే ఇవే లోపాలు వందేళ్ళ తరువాత మెదడు చిత్రాలలో మళ్ళీ కనిపిస్తాయి. మొదటిది, ఒక్క కొలతను పట్టుకొని మనిషిని అంచనా కట్టడం. రెండవది, ఒకే కులంలో మనిషికీ మనిషికీ ఎంత తేడా ఉందో చూడకుండా సగటులను మాత్రమే పోల్చడం. మూడవది, కొలవకముందే జవాబును మనసులో ఉంచుకోవడం.

ఈ కొలతలను శాస్త్రీయంగా నిలదీసినవాడు ప్రశాంతచంద్ర మహలనోబిస్. కలకత్తాలో భౌతికశాస్త్రం బోధించే ఆయనకు, 1920లో నాగపూరులో జరిగిన సైన్సు కాంగ్రెసు సమావేశంలో నెల్సన్ అన్నండేల్ అనే జంతుశాస్త్రవేత్త కలకత్తా ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలను ఇచ్చి విశ్లేషించమన్నాడు. ఆ పని ఆయన జీవితాన్నే మళ్ళించింది. 1931లో భారతీయ గణాంక సంస్థను స్థాపించాడు. రిస్లీ ప్రకటించిన అంకెలను 1933లో తిరగతోడి, వాటిలోని తప్పులను ఎత్తిచూపాడు. 1936లో రెండు సమూహాల మధ్య ‘దూరం’ కొలిచే సూత్రాన్ని స్థిరపరచాడు. నేటికీ దానిని ‘మహలనోబిస్ దూరం’ అనే అంటారు.

ఆ సూత్రంలోని కీలకం రెండు మాటలలో చెప్పవచ్చు. పొడుగరికి చేతులూ పొడుగే ఉంటాయి; కనుక ఎత్తునూ చేతి పొడవునూ రెండు వేరువేరు సాక్ష్యాలుగా లెక్కించకూడదు. అలాగే రెండు సగటుల మధ్య తేడా పెద్దదో చిన్నదో తెలియాలంటే, ప్రతి సమూహంలోని మనుషుల మధ్య ఉండే సహజమైన తేడాతో దానిని పోల్చాలి. గడప దాటడానికీ కొండ ఎక్కడానికీ ఒకే కొలబద్ద పనికిరాదు కదా!

ఎముకల పెట్టెల ముందు ఒక తెలుగు యువకుడు

కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న నాటి బళ్ళారి జిల్లాలోని హడగలిలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. పూర్తిచేసి, ఉద్యోగం వెదుక్కుంటూ కలకత్తా వెళ్ళి, 1941లో మహలనోబిస్ సంస్థలో చేరాడు. అక్కడ ఆయనకు అప్పగించిన తొలి పనులలో ఒకటి సంయుక్త రాష్ట్రాలలో, అంటే నేటి ఉత్తర ప్రదేశ్‌లో, వేరువేరు సమూహాల నుంచి సేకరించిన శరీర కొలతల విశ్లేషణ. మహలనోబిస్, మజుందార్, రావు కలిసి 1949లో దానిని ప్రచురించారు.

1946లో ఆయన కేంబ్రిడ్జికి వెళ్ళాడు. సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట హెన్రీ వెల్‌కమ్ తవ్వించిన పురాతన శ్మశానంలోని పుర్రెలూ ఎముకలూ అక్కడి మ్యూజియంకు చేరి ఉన్నాయి. ఆ మనుషులు ఎవరికి దగ్గరివారో తేల్చాలి. ఒక్కొక్క పుర్రెకు అనేక కొలతలు. కొన్ని పుర్రెలు విరిగిపోయి కొలతలు అసంపూర్ణం. రొనాల్డ్ ఫిషర్ పర్యవేక్షణలో అదే సమయంలో పరిశోధన చేస్తూ 1948లో రావు డాక్టరేటు పొందాడు. అనేక కొలతలను ఒకేసారి పరిగణించి సమూహాలను పోల్చే పద్ధతులు ఆ ఎముకల పెట్టెల ముందే పదునెక్కాయి.

మన విషయానికి మరింత దగ్గరిది 1965లో ఆయన బయోమెట్రికా పత్రికలో ప్రచురించిన వ్యాసం. పెరుగుదలను కాలక్రమంలో పలుమార్లు కొలిచినప్పుడు ఆ అంకెలను ఎలా విశ్లేషించాలన్నది అందులోని ప్రశ్న. ప్రతి ప్రాణి పెరుగుదలకూ దాని సొంత తీరు ఉంటుంది. కనుక ఒకే ప్రాణి నుంచి వచ్చిన కొలతల మధ్య తేడా వేరు, ప్రాణికీ ప్రాణికీ మధ్య ఉండే తేడా వేరు. ఈ రెండింటినీ వేరు చేయకుండా సమూహం గురించి మాట్లాడరాదు. ఈ ఆలోచన విలువ మెదడు చిత్రాలు వచ్చాక ఎంతగా తెలిసివచ్చిందో ముందు చూడబోతున్నారు.

2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి అందుకున్న రావు, అదే సంవత్సరం ఆగస్టు 22న, నూట మూడవ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు అమెరికాలో కన్నుమూశాడు. హైదరాబాదులో ఆయన పేరిట ఒక పరిశోధన సంస్థ ఉంది.

పుర్రె లోపలికి చూపు

1990లో సెయిజీ ఒగావా, రక్తంలోని ప్రాణవాయువు పాళ్ళు మారితే అయస్కాంత సంకేతం మారుతుందని చూపించాడు. మెదడులో ఒక భాగం పనిలోకి దిగితే అక్కడికి రక్తప్రవాహం పెరుగుతుంది. ఎమ్మారై యంత్రం పట్టుకొనేది ఆ రక్తపు మార్పునే. ఆలోచనను నేరుగా చూడలేదు. 1992 నాటికి మనుషులపై ఈ పరీక్షలు మొదలయ్యాయి.

యంత్రం మెదడును చిన్నచిన్న ఘనాలుగా విడదీస్తుంది. వాటిని వాక్సెళ్ళు అంటారు. ఒక మెదడులో ఇవి సుమారు లక్ష ఉంటాయనుకోండి. ప్రతి ఘనానికీ కొన్ని నిమిషాలలో వందలకొద్దీ కొలతలు వస్తాయి. ఇన్ని అంకెల నుంచి ‘ఈ పని చేసేటప్పుడు మనుషులలో ఈ భాగం చురుకవుతుంది’ అనే ఒక్క వాక్యాన్ని ఎలా రాబట్టాలి? దానికి పరిశోధకులు వరుసగా కొన్ని నిర్ణయాలు తీసుకోవలసి వచ్చింది.

మొదట అందరి మెదళ్ళనూ ఒకే నమూనాపై సరిపెట్టాలి. తలలు అన్నీ ఒకే కొలతవి కావు కదా. 1988లో తలైరాక్, టూర్నూ ప్రకటించిన మెదడు పటం చాలాకాలం ప్రామాణికంగా చలామణి అయింది. అది అరవై ఏళ్ళ ఒక స్త్రీ మెదడు ఆధారంగా గీసినది. తరువాత కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు వందలమంది మెదళ్ళ సగటుతో మరొక నమూనా చేశారు. అదీ పాశ్చాత్యులదే. 2019లో హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ, తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థతో కలిసి, యాభైమంది పురుషులు, యాభైమంది స్త్రీల ఎమ్మారై చిత్రాలతో భారతీయ మెదడు పటాన్ని రూపొందించింది. మన మెదళ్ళు సగటున కొంచెం చిన్నవని అందులో తేలింది. వెంటనే ‘భారతీయుల మెదడు చిన్నది’ అని శీర్షికలు వచ్చాయి. థర్‌స్టన్ కాలపు నీడ అది! తలకాయ కొలతకూ తెలివికీ ముడిపెట్టేందుకు ఆ పటం చేయలేదు. పాశ్చాత్య నమూనాతో పోల్చితే మన ఆరోగ్యవంతుడి మెదడు కూడా కుంచించుకుపోయినట్లు భ్రమ కలిగే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం తప్పించడమే దాని ప్రయోజనం.

చెట్లా, కాయలా?

రెండవ నిర్ణయాన్ని మన తోతాపురి తోటల ద్వారా చెబుతాను. కొత్త ఎరువు వేస్తే కాయ బరువు పెరుగుతుందా అని తెలుసుకోవాలి. మూడు చెట్లకు కొత్త ఎరువు, మూడు చెట్లకు పాత ఎరువు వేసి, చెట్టుకు 200 కాయల చొప్పున 1,200 కాయలు తూచాము. ‘1,200 కాయలు చూశాం, ఇక సందేహమేముంది’ అనవచ్చునా? అనకూడదు. ఎరువు వేసినది కాయలకు కాదు, చెట్లకు. మన దగ్గర ఉన్న సాక్షులు ఆరుగురే. ఆ మూడు చెట్లూ మొదటినుంచీ బలమైనవి కావచ్చు.

మెదడు చిత్రాల తొలి రోజులలో చాలామంది ఈ పొరపాటే చేశారు. అయిదారుగురి నుంచి వందలకొద్దీ చిత్రాలు తీసి, అన్నిటినీ ఒకే రాశిగా పోసి లెక్క కట్టారు. అలా తేలినది ఆ అయిదారుగురికే వర్తిస్తుంది. సాధారణ జనానికి వర్తిస్తుందని చెప్పే హక్కు దానికి లేదు. 1998, 1999 ప్రాంతాలలో లండన్‌లోని ఆండ్రూ హోమ్స్, కార్ల్ ఫ్రిస్టన్ తదితరులు దీనిని సరిదిద్దారు. ముందు ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క ఫలితం తీయాలి. తరువాత మనిషికీ మనిషికీ ఉన్న తేడాతో పోల్చి సమూహం గురించి తీర్పు చెప్పాలి. రావు 1965లో వేరు చేసి చూపిన ఆ రెండు తేడాలే ఇక్కడా ఆధారం.

చచ్చిన చేప ఆలోచించిందా?

మూడవ నిర్ణయం, ఎన్ని చోట్ల వెదుకుతున్నాము అన్నది. నూటికి అయిదు సార్లు పొరపాటు పడినా ఫరవాలేదనే హద్దు శాస్త్రాలలో వాడుకగా ఉంది. ఒక్క ప్రశ్న అడిగినప్పుడు అది సబబే. లక్ష ఘనాలలో ప్రతిదానినీ విడివిడిగా అడిగితే, అసలు ఏ మార్పూ లేకపోయినా 5,000 ఘనాలు ‘ఇక్కడ ఉంది’ అని అబద్ధం చెబుతాయి. వాటికి రంగు వేస్తే చక్కని బొమ్మ తయారవుతుంది!

2009లో అమెరికాలో క్రెయిగ్ బెన్నెట్, అతని సహచరులు ఈ సంగతిని నవ్వు పుట్టించేలా నిరూపించారు. చచ్చిన సాల్మన్ చేపను ఎమ్మారై యంత్రంలో పెట్టి, దానికి మనుషుల ఫోటోలు చూపించి, వారి భావాలేమిటో చెప్పమన్నారు. సవరణ లేకుండా లెక్కిస్తే చేప మెదడులో కొన్ని చోట్ల ‘చురుకుదనం’ కనిపించింది. సవరణ చేస్తే అంతా మాయమైంది. 2012లో దీనికి ఇగ్‌నోబెల్ బహుమతి ఇచ్చారు.

సవరణ మార్గాలు అనేకం. అన్నిటికన్నా కఠినమైనది హద్దును ఘనాల సంఖ్యతో భాగించడం: లక్ష ఘనాలుంటే ఒక్కొక్కదానికి పొరపాటు హద్దు కోటికి అయిదు. అబద్ధాలు ఆగుతాయి గాని, నిజాలు కూడా జారిపోతాయి. పక్కపక్కన ఉన్న ఘనాలు ఒకే తీరుగా మారతాయన్న సంగతిని లెక్కలోకి తీసుకొని, 1992లో కీత్ వర్స్‌లీ కొంత సడలింపు గల మార్గం చూపించాడు. రంగు వేసిన ఘనాలలో అబద్ధాల పాలు ఇంతకు మించకూడదని కట్టడి చేసే పద్ధతిని 1995లో బెంజమినీ, హాక్‌బెర్గ్ ప్రతిపాదించగా, 2002లో అది మెదడు చిత్రాలకు వచ్చింది. ఏ ఒక్కటీ అన్ని వేళలా ఉత్తమం కాదు. రోగం ఉన్నదానిని లేదనడం ప్రమాదమా, లేనిదానిని ఉందనడం ప్రమాదమా అన్నదాని మీద వైద్యుడు పరీక్షను ఎంచుకొన్నట్లే, పరిశోధకుడు ఇక్కడ ఎంచుకోవాలి.

చీటీలు కలిపి చూడడం

నాలుగవ నిర్ణయం, మన లెక్క ఏ ఊహలపై నిలబడింది అన్నది. చాలా సూత్రాలు అంకెల పంపిణీ ఫలానా ఆకారంలో ఉంటుందని ముందే అనుకుంటాయి. అది నిజమా అని 2016లో అండర్స్ ఎక్లుండ్, థామస్ నికల్స్, హాన్స్ క్నుట్సన్ పరీక్షించారు. ఏ పనీ చేయకుండా విశ్రాంతిగా పడుకున్న 499 మంది ఆరోగ్యవంతుల చిత్రాలు తీసుకున్నారు. వారిని ఇష్టం వచ్చినట్లు గుంపులుగా విడదీసి, దాదాపు ముప్పై లక్షల విశ్లేషణలు నడిపించారు. నిజమైన తేడా ఏదీ లేదు గనుక నూటికి అయిదు మాత్రమే అబద్ధపు ఫలితాలు రావాలి. పేరున్న సాఫ్ట్‌వేర్లలో, పక్కపక్క ఘనాల గుంపులను బట్టి తీర్పు చెప్పే పద్ధతిలో, అవి కొన్ని సందర్భాలలో నూటికి డెబ్బైవరకు వచ్చాయి. 40,000 వ్యాసాలు సందేహంలో పడ్డాయని మొదట రాసిన రచయితలు, అది అతిశయమని తరువాత సవరించుకున్నారు. వెనక్కి తీసుకున్నది ఆ సంఖ్యను మాత్రమే. హెచ్చరిక అలాగే నిలిచింది.

ఆ పరీక్షలో చాలావరకు నిలబడిన పద్ధతి 1930లలో ఫిషర్ ఆలోచించినదే. దాని తర్కం పల్లెలో చీటీలు తీసినంత సులువు. పదిమంది రోగులు, పదిమంది ఆరోగ్యవంతులు ఉన్నారనుకోండి. ‘రోగి’, ‘ఆరోగ్యవంతుడు’ అని రాసిన ఇరవై చీటీలను కలిపి, ఎవరికి ఏది వస్తే అది ఇచ్చి, తేడాను మళ్ళీ లెక్కించాలి. ఇలా వేలసార్లు చేయాలి. కలగాపులగంగా పంచినప్పుడు కూడా అంత తేడా తరచుగా వస్తుంటే, మొదట మనం చూసిన తేడాకు విలువ లేదు. అరుదుగా మాత్రమే వస్తే విలువ ఉన్నట్లే. ఫిషర్ కాలంలో చేతితో ఇన్ని లెక్కలు వేయడం అసాధ్యం. కంప్యూటర్లు వచ్చాక ఇది సులభమైంది.

బొమ్మ చూడకముందే మాట ఇవ్వాలి

ఇన్ని దారులు ఉన్నప్పుడు, ఫలితం నచ్చేవరకు దారులు మారుస్తూ పోతే? 2020లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన దీనికి సమాధానం. 108 మంది మెదడు చిత్రాలను 70 పరిశోధన బృందాలకు ఇచ్చి, తొమ్మిది ప్రశ్నలకు అవును, కాదు అని చెప్పమన్నారు. ఏ రెండు బృందాలూ ఒకే విధంగా విశ్లేషించలేదు; జవాబులూ కలవలేదు. వీరందరూ నిజాయితీపరులే, నిపుణులే. అందుకే నేడు మంచి పరిశోధకులు ఏ పద్ధతి వాడబోతున్నారో అంకెలు చూడకముందే రాసి నమోదు చేస్తున్నారు. రిస్లీ జవాబును ముందే నిర్ణయించుకున్నాడు. వీరు ముందే నిర్ణయించుకొనేది పద్ధతిని. ఆ తేడాలోనే శాస్త్రం ఉంది.

మనుషుల సంఖ్య కూడా ముఖ్యమే. తెలివి, స్వభావం, మానసిక లక్షణాల వంటివాటికీ మెదడు నిర్మాణానికీ మధ్యనున్న సంబంధాలు చాలా బలహీనమైనవనీ, వాటిని నమ్మకంగా పట్టుకోవాలంటే వేలమంది అవసరమనీ 2022లో స్కాట్ మారెక్, అతని సహచరులు దాదాపు 50,000 మంది సమాచారంతో చూపించారు. అంతవరకు సాధారణంగా ఒక పరిశోధనలో ఉండేవారు సుమారు పాతికమంది.

మీకు దీనితో పనేమిటి?

ఇదంతా చదివి, వైద్యుడు రాసిన స్కాన్‌ను మానుకోకండి. పూతలపట్టు చుట్టుపక్కలవారు పక్షవాతానికో, మూర్ఛకో, తలలో గడ్డ అనుమానానికో తిరుపతికో వేలూరుకో వెళ్ళి తీయించుకొనే స్కాన్ వేరు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1949లో జేకబ్ చాందీ మన దేశంలో నాడీ వైద్యానికి పునాది వేసినప్పటి నుంచి ఈ విద్య ఎంతో ఎదిగింది. గడ్డను, రక్తస్రావాన్ని, పూడుకుపోయిన రక్తనాళాన్ని నిపుణుడు ఒక్క మనిషి చిత్రంలోనే చూసి గుర్తించగలడు. అది ప్రాణాలు నిలిపే పరీక్ష, ఆలస్యం చేయరాదు.

నేను హెచ్చరిస్తున్నది సమూహపు సగటును తెచ్చి ఒక మనిషి నెత్తిన పెట్టడం గురించి. పురుషులు సగటున స్త్రీలకన్నా పొడుగు. అయినా ‘అయిదడుగుల నాలుగంగుళాలు’ అని మాత్రమే చెబితే ఆ వ్యక్తి పురుషుడో స్త్రీయో మీరు చెప్పలేరు. మెదడు చిత్రాలలో సమూహాల మధ్య తేడా ఎత్తులోని తేడాకన్నా సాధారణంగా చాలా చిన్నది. కనుక ‘స్కాన్ చూసి మీ బిడ్డ ఏ చదువుకు పనికివస్తాడో చెబుతాం’, ‘మెదడు పటం తీసి దిగులుకూ కోపానికీ కారణం చూపిస్తాం’ అని ఎవరైనా చెబితే డబ్బు తీయకముందు ఆగండి. ఇటువంటి వార్త కంటపడినప్పుడు ఈ ప్రశ్నలు వేసుకోండి:

1. ఎంతమందిని పరీక్షించారు? చిత్రాల సంఖ్య కాదు, మనుషుల సంఖ్య ఎంత?
2. వేల చోట్ల వెదికినందుకు లెక్కలో సవరణ చేశారా?
3. పద్ధతిని ముందే నమోదు చేశారా?
4. వేరే చోట, వేరే మనుషులపై అదే ఫలితం మళ్ళీ వచ్చిందా?
5. సగటుల మధ్య తేడా చెబుతున్నారా, నా ఒక్కడి గురించి చెప్పగలమంటున్నారా?

నూరేళ్ళ క్రితం ముక్కు కొలిచి మనిషి విలువ కట్టారు. కొలత పరికరం స్థానంలో నేడు కోట్ల రూపాయల యంత్రం వచ్చింది. యంత్రం మెరుగైనంత మాత్రాన తర్కం మెరుగుపడదు. దానిని మెరుగుపరచడానికి మహలనోబిస్, రావు వంటివారు జీవితకాలం శ్రమించారు. ఆ శ్రమకు ఫలం మీకు అందాలంటే మీరు గణితం నేర్చుకోనక్కరలేదు. రంగుల బొమ్మ కనబడినప్పుడు ‘ఎంతమంది, ఏ లెక్క?’ అని అడిగితే చాలు.